నిధియా? నిక్షేపమా? భద్రాద్రి మన్యపు జాతీయసంపదను గూర్చిన విచారము

శబ్దార్థము

జాతీయనిధి యనుమాట నేఁడు శాసనములందును వార్తాపత్రికలందును సభోపన్యాసములందును విరివిగా వినఁబడుచున్నది. ఒక వజ్రమునకు, ఒక ఱాతిగుడికి, ఒక తాళపత్రగ్రంథమునకు, ఒక్కొకయెడ నొక మనుష్యునకుఁ గూడ నీ మాట వాడుచున్నారు. శబ్ద మొకటియే యైనను అర్థ మొకటి గాదు. అర్థము నిశ్చితము గానిచో రక్షణమును నిశ్చితము గాదు. ఏది కాపాడవలెనో తెలియనివాఁడు కాపలా యుండియుఁ బోఁగొట్టుకొనును. కావున నీ శబ్దమున కర్థమును మొదట నిర్ణయించి, పిదప ఖమ్మము సీమనుండి భద్రాచలము వఱకు వ్యాపించిన గోదావరీ మన్యమునందలి మూఁడు నిదర్శనములతో దానిఁ బరీక్షించి, తుదకు జాతులు తమ సంపదను రక్షించుకొను మార్గములను విమర్శించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

నిధిశబ్దము ‘ని’ యను నుపసర్గము ముందు గల ధా ధాతువునకు ‘కి’ ప్రత్యయము చేరుటచే నేర్పడినది. లోన నుంచఁబడినది యని వ్యుత్పత్త్యర్థము. లోకమున నీ శబ్దము భూమిలోఁ బాఁతిపెట్టఁబడి, పెట్టినవాఁ డెవఁడో తెలియక, దైవవశమునఁ గనఁబడిన ధనమునందు రూఢమైనది. తెలుఁగువారు లంకెబిందె లనునది దీనినే. ధర్మశాస్త్రములందు నిధి పంపకమునకు విషయము. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరావ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుఁడు, సామాన్యుఁడు నిధిని గనుఁగొన్నచో రాజు వానికి ఆఱవపాలిచ్చి తక్కినది తాను గ్రహింపవలెనని వివరించెను. అనఁగా నిధి విషయమున నుంచినవానికి మాట లేదు. దొరకించుకొన్నవానికిని రాజునకును మాత్రమే కలదు.

నిక్షేపశబ్ద మట్లు గాదు. మనుస్మృతియందలి పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానమునకుఁ దరువాత లెక్కింపఁబడినది నిక్షేపమే. ఒకఁడు మఱియొకని నమ్మి యాతనియొద్ద నుంచిన సొమ్ము నిక్షేపము. తెలుఁగున దీనిని ఇల్లడ యందురు. ఇల్లడ పుచ్చుకొన్నవాఁడు దానికి స్వామి గాఁడు. దానిని వాడుకొనుటకుఁ గాని మార్చుటకుఁ గాని అమ్ముటకుఁ గాని వాని కధికారము లేదు. అడిగినపు డున్నది యున్నట్లు తిరిగి యీయవలెను.

ఇల్లడయందును భేదములు గలవు. స్వామి సమక్షమున లెక్కించి చేతి కిచ్చునది నిక్షేపము. పెట్టెలోఁ బెట్టి, లోపల నున్న దిదియని చెప్పక యిచ్చునది ఉపనిధి. ఒకరియొద్ద నుంచఁబడినదానిని వారు మఱియొకరి చేతిలోఁ బెట్టి స్వామికిఁ జేర్పుమని యప్పగించినచో నది అన్వాహితము. ఈ మూఁడు భేదములును స్మార్తులకు సుపరిచితములే. ఇవి ప్రకృతవిచారమున నెట్లుపకరించునో ముందు తెలియఁగలదు.

ఇఁక జాతీయశబ్దము. పాణినీయమున జాతీయర్ అనునది ప్రకారార్థమునందు విధింపఁబడిన ప్రత్యయము. పటుజాతీయుఁ డనఁగాఁ బటుత్వము గల తెఱఁగువాఁడని యర్థము. దేశప్రజ కంతకును సంబంధించినది యను నర్థ మాధునికము. తెలుఁగున మాత్రము జాతీయ మనఁగా నొక భాషకే సొంతమైన పలుకుబడి. దానిని పదమునకుఁ బదముగా మఱియొక భాషలోనికిఁ ద్రిప్పినచో మాటలు మిగులును గాని అర్థము పోవును. జాతీయసంపద యనుచోట నీ రెండర్థములును గలసి వచ్చుట కేవలము కాకతాళీయము గాదేమో యని తోఁచును.

లక్షణపరీక్ష

జాతీయసంపదకు లక్షణము చెప్పువారు సాధారణముగా మూఁటిలో నొకదానిఁ జెప్పుదురు: అధికమూల్యము, ప్రాచీనత, ప్రభుత్వప్రకటనము.

ఇందు మొదటిది నిలువదు. ధనాగారములోని బంగారుకడ్డీకి వెల కలదు. అయినను దానిని జాతీయసంపద యని యెవరును ఆదరింపరు. ఒక కడ్డీ పోయినచో మఱియొక కడ్డీ దానికి సరిపోవును. ఇది అతివ్యాప్తి. ముందు వర్ణింపఁబోవు జానంపేట బండలను సంతలోఁ గొనువాఁడు లేఁడు. అయినను అవి దేశమంతటిచే రక్షింపఁదగినవిగా శాసనబద్ధములైనవి. ఇది అవ్యాప్తి.

రెండవదియు నట్లే. గోదావరి యిసుకలోని గులకఱాయి మానవజాతికంటెఁ బ్రాచీనము. దానిని రక్షించు శాసనము లేదు. మఱి 1972 నాఁటి భారత పురావస్తు కళానిధి శాసనము నూఱేండ్లు నిండిన వస్తువులను, డెబ్బదియైదేండ్లు నిండిన విలువగల వ్రాఁతప్రతులను పురావస్తువులనుగాఁ బరిగణించుచునే, అంత ప్రాచీనత లేని కృతులను సైతము కళానిధులనుగాఁ బ్రకటించుట కవకాశ మిచ్చినది. రవీంద్రనాథ ఠాకూరు, నందలాల్ బోసు, జామినీ రాయి, అమృతా షేర్గిల్ మొదలగు తొమ్మండ్రు చిత్రకారుల కృతులు అట్లు ప్రకటింపఁబడినవి. కావునఁ బ్రాచీనత యుపలక్షణమే కాని లక్షణము గాదు.

మూఁడవదానియం దన్యోన్యాశ్రయదోషము గలదు. ఏల ప్రకటించితి రనఁగా జాతీయసంపద గనుక; ఏల జాతీయసంపద యనఁగాఁ బ్రకటించితిమి గనుక. ప్రకటనము రక్షణమునకు హేతువు కావచ్చును గాని, స్వరూపమునకు హేతువు గాదు. ప్రకటింపఁబడుటకుఁ బూర్వమే వస్తువునందు దేనినో చూచి కదా ప్రభుత్వము ప్రకటించినది? ఆ చూచినదేదో తెలిసికొనుటకు వస్తువులయొద్దకే పోవలెను.

దేశము

పాల్వంచ, మణుగూరు, పినపాక, దుమ్ముగూడెము మొదలగు స్థలములను దనలో నిముడ్చుకొని గోదావరి కిరుప్రక్కల నున్న యీ మన్యము పెక్కు రాజ్యములకు సరిహద్దుగా నుండినది. గోలకొండ కుతుబ్ షాహీలు, మొగలాయీలు, నిజాములు దీని నేలిరి. 1860లో నిజాము గోదావరి యెడమగట్టునందలి భద్రాచలము తాలూకాను ఆంగ్లేయుల కొప్పగించెను. అది మొదట మధ్యపరగణాలలోను, 1874 మొదలు చెన్నపురి రాజధానియందలి గోదావరి జిల్లాలోను జేరినది. ఆనాఁటినుండి 1948 వఱకు ఏటి కీవలి పాల్వంచ నిజామునకును, ఆవలి భద్రాచలము వేఱొక ప్రభుత్వమునకును లోఁబడి యుండెను. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాకు మాఱినది. 2014లో తెలంగాణము ప్రత్యేకరాష్ట్రమైనపుడు పట్టణము తెలంగాణమున నిలిచి, చుట్టునున్న పెక్కు గ్రామములు పోలవరము జలాశయకారణమున ఆంధ్రప్రదేశమునఁ గలిసినవి. ఆలయభూములు గల పురుషోత్తమపట్టణము వానిలో నొకటి. 2016లో పట్టణము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోని దైనది.

ఏలువారు మాఱినకొలఁది ఎల్లలు మాఱినవి. ఎల్లలు మాఱినను దమతావు విడువనివి కొన్ని యిక్కడ మిగిలినవి. ఒక రాజ్యము పిమ్మట మఱియొక రాజ్యము వానిని ఇల్లడగాఁ బుచ్చుకొన్నది. అట్టివానిలో మూఁటిని మాత్ర మిచటఁ బరిశీలింతము.

నిక్షేపము

మొదటిది భద్రాచల సీతారామస్వామివారి యాభరణములు. నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న, అబుల్ హసన్ తానాషా (1672-1687) ప్రభుత్వమునఁ బాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండి, వసూలైన ధనముతో భద్రగిరిపై గుడి కట్టించి దేవతలకు నగలు చేయించెను. అందులకు గోలకొండకోటలో బందీ యయ్యెను. రామదాసుగాఁ బ్రసిద్ధిఁ గాంచెను. చెఱ పండ్రెండేం డ్లనియు, శ్రీరామలక్ష్మణులే మాఱువేషమున వచ్చి యాఱులక్షల బాకీ తీర్చి రనియు సంప్రదాయము. ఆయన చేయించినవిగాఁ బ్రసిద్ధములైన చింతాకుపతకము, పచ్చలపతకము, కలికితురాయి మొదలగునవి నేఁటికిని ఆలయమున భద్రపఱుపఁబడి, శ్రీరామనవమి కల్యాణాది మహోత్సవములందు దేవతల కలంకరింపఁబడుచున్నవి.

ఇవి నిక్షేపమునకు శుద్ధోదాహరణము. నిక్షేప మనఁగా సమక్షమున లెక్కించి యిచ్చినది గదా. రామదాసు కీర్తనములలో నొకదానియందు నగల పేళ్లును, ఏది యెవరికిఁ జేయించెనో యా వివరమును, వాని వెలలును నిందాస్తుతిరూపమున వచ్చును. అది భక్తికీర్తనము, సొమ్ముల పట్టికయుఁ గూడ. తక్కిన ధనాగారముల లెక్కలు పుస్తకములం దుండును. ఈ ధనాగారపు లెక్క జనుల నోళ్లలో నున్నది. నాట్లు వేయు స్త్రీయుఁ జింతాకుపతక మెవరిదో చెప్పఁగలదు. పుస్తకమును గాల్పవచ్చును, దిద్దవచ్చును. ఊరూరఁ బాడెడు పట్టికను దిద్దుట యెవరితరమును గాదు.

ఈ నగలను గరఁగించి తూఁచినచో వచ్చునది బంగారము మాత్రమే. ఒక తహసీలుదారుఁడు రాజధనమును దేవధనముగా నెట్లు మార్చెనో, ఆనాఁటి కంసాలులు పచ్చల నెట్లు పొదిగిరో, మహమ్మదీయ ప్రభువునకును హిందూదేవాలయమునకును నడుమ వైరముగా మొదలైనది భక్తిసంబంధముగా నెట్లు పరిణమించెనో తెలుపు సాక్ష్యము కరఁగినదానిలో నుండదు. శ్రీరామనవమినాఁడు ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు సమర్పించు నాచారము తానాషానాఁటి దని చెప్పుదురు; నిజాముల కాలమునను నడచినది; ఇప్పటికిని నడచుచున్నది. పందొమ్మిదవ శతాబ్దమునఁ దూము నరసింహదాసు వంటి భక్తులు గుంటూరు సీమనుండి వచ్చి, నిజాము మంత్రియగు చందూలాలు తోడ్పాటుతో నాలయకైంకర్యములను బునరుద్ధరించిరి. ఇల్లడను గాపాడినవారిలో నన్ని మతములవారును, అన్ని సీమలవారును గలరు.

స్వామిశబ్దమునకు న్యాయశాస్త్రమున సొంతదారుఁడని యర్థము. భద్రాద్రియందు దేవుఁడని యర్థము. ఇచట నీ రెండర్థములును నొక్కటియే. హిందూదేవతావిగ్రహమునకు వ్యవహర్తృత్వము గలదని 1925లో ప్రీవీకౌన్సిలు నిర్ణయించెను. ఆ న్యాయము సముద్రములు దాఁటి ఫలించిన తెఱఁగు పత్తూరు నటరాజవిగ్రహ వృత్తాంతమునఁ దెలియును. తమిళనాడునఁ బత్తూరు గ్రామమున 1976లో నొక కూలివాఁడు నేల త్రవ్వుచుండఁగా నా కంచువిగ్రహము దొరకెను. చేతులు మాఱి లండనునకుఁ జేరెను. శిథిలమైన యా గ్రామాలయమే తన స్వామిత్వమును గోరవచ్చునని అచ్చటి న్యాయస్థాన మంగీకరింపఁగా, 1991లో విగ్రహము తిరిగి స్వదేశమునకు వచ్చెను. త్రవ్వినవానికి నిధిగాఁ గనఁబడినది, విచారింపఁగా నిక్షేపమని తేలెను. ఉంచినవాఁడు ఱాతిగుడియైనను నిక్షేపము నిక్షేపమే.

ఉపనిధి

రెండవది పినపాక మండలమునందలి జానంపేట. అచ్చటఁ బొలములలోను అడవియంచులలోను బండలను వలయముగాఁ బాఁతి, నడుమఁ బలకఱాళ్లతో గది యమర్చి, పైని మిక్కిలి బరువైన కప్పుబండ నెక్కించిన ప్రాచీనసమాధులు పెక్కు గలవు. కొన్నిటిలోపల నొకే ఱాతిని దొలిచిన తొట్టి యుండును. జనులు వీనిని రాకాసిగుళ్లందురు. అంతటి బండల నెత్తుట మానవులవలనఁ గాదని వారి తలంపు. ఇవి యినుము వాడుక నేర్చిన ప్రాచీనజనుల బృహచ్ఛిలాసమాధులని చరిత్రకారుల నిర్ణయము. పొరుగుననున్న ములుగు జిల్లా దామరవాయి యందును ఇట్టివి కలవు. చార్మినారు, గోలకొండకోట, పాలంపేట రామప్పగుడి మొదలగు ప్రసిద్ధస్థలములతోపాటు జానంపేట సమాధిక్షేత్రమును దెలంగాణమునఁ గేంద్రపురావస్తుశాఖ రక్షణమునందున్న కొలఁదిస్థలములలో నొకటి. రామప్పగుడి 2021లో బ్రపంచవారసత్వస్థలముగా గుర్తింపఁబడినది. జానంపేటను జూడవచ్చువా రరుదు.

ఈ సమాధులు ఉపనిధులు. ఇచ్చినవారు పెట్టె మూసి యిచ్చిరి. లోపల నేమున్నదో చెప్పలేదు. వారి భాష తెలియదు, పేళ్లు తెలియవు. ఉపనిధి విషయమున దొడ్డదోషము ముద్ర చెఱచుట. రాకాసిగుళ్ల క్రింద లంకెబిందె లున్నవని నమ్మి రాత్రివేళఁ బండలఁ ద్రోసి త్రవ్వువారు చేయునది యదియే. వారికి దొరకునవి కుండపెంకులు, తుప్పుపట్టిన యినుపముక్కలు, ఎముకలు. వానిని వారు గట్టున విసరివేసి పోవుదురు. ఆ కుండ యే పొరలో, ఏ యెముక ప్రక్కన, ఏ దిక్కునకు నుండెనో యా సంబంధమే యందలి వాక్యము. పదములు చెదరినతరువాత వాక్యార్థ మెవరికిని దెలియదు. బంగారము దొరకనందున దొంగ యేమియు నెత్తుకొనిపోలేదని యూరివారు సంతసింతురు. నిజమునకు వాఁడు సర్వస్వమును నష్టపఱచి పోయెను.

శాసనములుగూడఁ జిరకాలము నిధిదృష్టితోనే నడచినవి. 1878 నాఁటి భారతనిధిశాసనము భూమిలో దాఁగిన విలువగల వస్తువును గనుఁగొన్నవాఁడు, దాని వెల పదిరూపాయలకు మించినచోఁ గలెక్టరునకుఁ దెలుపవలె ననును. స్వామి లేఁడని తేలినచో మూఁడుపాళ్లు కనుఁగొన్నవానికిని, ఒకపాలు భూస్వామికిని జెందును. ప్రభుత్వమే తీసికొనఁదలఁచినచో ద్రవ్యపు వెలమీఁద నైదవవంతు చేర్చి చెల్లింపవలెను. దొంగతనముగా దాఁచుటకంటె వెల్లడించుట లాభకరముగాఁ జేయుటచే నీ శాసనము కొంత మేలే చేసినది. కాని జానంపేట కుండపెంకునకు ద్రవ్యపు వెల యెంత? దానిపై నైదవవంతెంత? నిధిశాసనము నిక్షేపమును గొలువఁజాలదు.

1904 నాఁటి ప్రాచీనకట్టడముల శాసనము స్థలమును గాపాడుట కారంభించెను. నిజాము రాజ్యమున 1914లో గులాం యజ్దానీ యాధ్వర్యవమునఁ బురావస్తుశాఖ యేర్పడెను. స్వాతంత్ర్యానంతరము 1958 శాసనమును, దానికి 2010లో వచ్చిన సవరణమును బట్టి రక్షితస్థలపు టెల్లనుండి నూఱు మీటర్లలోపల కట్టడము నిషిద్ధము; ఆపైని రెండువందల మీటర్లలో ననుమతి కావలెను. రక్షితకట్టడమును జెఱచినవారికి రెండేండ్ల వఱకుఁ జెఱయు, లక్షరూపాయల వఱకు జుల్మానాయు విధింపవచ్చును. తెలంగాణ రాష్ట్రము 2017లోఁ దనకుఁ బ్రత్యేకముగా వారసత్వశాసనము చేసికొన్నది.

వస్తువుతోడనే స్థలమునుగూడ నేల రక్షింపవలెననునది జాతీయశబ్దముయొక్క తెలుఁగర్థమునుబట్టి సులభముగాఁ దెలియును. అమరావతీస్తూపపు శిలాఫలకములలో సుమారు 120 లండనునందలి బ్రిటిషు మ్యూజియమున నున్నవి. వాల్టర్ ఇలియటు 1845లోఁ ద్రవ్వించిన వానిలోఁ బెక్కు 1859లో లండనునకుఁ జేరినవి. వానిని శ్రద్ధతోనే కాపాడుచున్నారు, శిల్పము చెడలేదు. కాని ప్రదక్షిణము చేయు భక్తుని యెదుట నొకదానివెంట నొకటి తెఱచుకొనవలసిన కథ, గోడకు బిగింపఁబడి నిలిచిపోయినది. జాతీయమును మఱియొక భాషలోనికిఁ ద్రిప్పినట్లే మాటలు మిగిలినవి, పలుకుబడి పోయినది.

అన్వాహితము

మూఁడవది కంటికిఁ గనఁబడునది గాదు. ఈ మన్యమునందలి కోయలు గట్టులుగా విభజింపఁబడి యుందురు. ఆ గట్టుల పుట్టుపూర్వములు, వేల్పుల వృత్తాంతములు, వీరుల కథలు పాడువారు డోలికోయలు. కొలుపులందు గుడ్డపడిగెలను విప్పి, వానిపైనున్న బొమ్మలను జూపుచు, వాద్యము మ్రోయించుచు వారు కథ నడపుదురు. పడిగె వస్తువే, కాని పాడువాఁడు లేనినాఁ డది రంగులు పులిమిన గుడ్డ. మేడారమునఁ గోయలు చిలకలగుట్టనుండి సమ్మక్కను గుంకుమభరిణరూపమునఁ దెచ్చుటయు నిట్టిదే. రెండేండ్ల కొకమాఱు లక్షలకొలఁది జనులు చేరు నా జాతరయందుఁ జెక్కిన విగ్రహము లేదు. భరిణ విలువ భరిణలో లేదు. దానిఁ దెచ్చువాని యెఱుకలో నున్నది.

ఇది అన్వాహితము. తాత తాను పుచ్చుకొన్నదానిని గొడుకు చేతిలోఁ బెట్టి, ముందువచ్చువానికిఁ జేర్పుమని పోవును. నడుమ నొక్క చేయి తప్పినచోఁ దీఱిపోవును.

మణుగూరు మండలము కూనవరము గ్రామవాసియగు సకిని రామచంద్రయ్య యట్టి చేతులలో నొకఁడు. కంచుమేళము కంచుతాళములతో సమ్మక్క సారలమ్మల కథలను, పగిడిద్దరాజు గిరికామరాజు మొదలగువారి వృత్తాంతములను దెలుఁగునను గోయభాషయందును బాడఁగలిగినవాఁడు. భారతప్రభుత్వము 2022లో నాతనికిఁ బద్మశ్రీ బిరుద మిచ్చి గౌరవించెను. ఆతఁడు 2024 జూను మాసమున మరణించెను. బిరుదము వచ్చిన రెండేండ్లకే యాతఁడు లేఁడు. ఒక వ్యక్తికి జరిగిన సత్కారముగాఁ జూచినచోఁ గార్యము ముగిసినది. అన్వాహితముగాఁ జూచినచో నసలు ప్రశ్న యపుడే మొదలగుచున్నది: ఆతని చేతిలోని దెవరి చేతికి వచ్చినది?

ఇచట మన శాసనమునందొక లోపము గనఁబడును. 1972 శాసనమునుబట్టి కర్త జీవించి యుండఁగా నాతని కృతిని గళానిధిగాఁ బ్రకటింపరాదు. చిత్రపటవిషయమున నిది సమంజసమే. చిత్రకారుఁడు పోయినను బట ముండును. గానవిషయమున నిది తలక్రిందులగును. కర్త పోయినతోడనే కృతియుఁ బోవును. కాఁబట్టి పాటకు వేఱొక న్యాయము కావలెను.

ధ్వనిముద్రణము చేసి యుంచినచోఁ జాలదా యని ప్రశ్న వచ్చును. ముద్రణ మవశ్యకర్తవ్యమే. కాని యది ప్రతిబింబము. ఏ గట్టువారి కొలుపున నేది పాడవలెనో, ఏది పాడరాదో, విన్నవాఁ డడిగినపు డెట్లు విప్పి చెప్పవలెనో ముద్రణము నేర్పదు. వైదికులకు దీనిని బోధింపఁ బనిలేదు. వేదములు వ్రాఁతయందును అచ్చునందును జిరకాలమునుండి యున్నను, పదక్రమజటాఘనపాఠములు గురుముఖముననే నేర్వవలెనని కదా వారి నియమము? యునెస్కో 2003లో వేదపఠనసంప్రదాయమును మానవజాతి యమూర్తవారసత్వములో శ్రేష్ఠమైనదిగాఁ బ్రకటించెను. ఘనాపాఠి యొక్క ధారణ యెట్టి జాతియో డోలికోయ యొక్క ధారణయు నట్టి జాతియే. ఒకదానిని శాస్త్రమనియు, వేఱొకదానిని అడవిపాటయనియు భేదించుట విషయభేదమువలనఁ గాదు, శ్రోతృభేదమువలన.

రాజదైవతస్కరభయములు

రాజు, దైవము, తస్కరులు వీరివలన నష్టమైన యుపనిధికిఁ బుచ్చుకొన్నవాఁడు బాధ్యుఁడు గాఁడని యాజ్ఞవల్క్యుని మతము. ఇద్దఱు మనుష్యుల నడుమ నిది న్యాయమే. జాతీయసంపద విషయమున మాత్ర మిది చెల్లదు. ఏలయన నిచటఁ బుచ్చుకొన్నవాఁడు రాజే. తస్కరుల నడఁచుటయు, దైవోపద్రవమునకు ముందుగా సిద్ధపడుటయు, తనవలన హాని కలుగకుండఁ జూచుటయు వాని ధర్మములు. ఇతర జాతుల రక్షణవిధానములు నీ మూఁడు భయములకు సమాధానములుగానే పుట్టినవి.

తస్కరభయమునకు సమాధానము ఎగుమతినిషేధము, పట్టికాకరణము. భారతదేశమున 1947లోనే పురావస్తువుల యెగుమతిని నియమించు శాసనము వచ్చెను. 1972 శాసనము దానికి బదులు వచ్చి, వ్యక్తుల యొద్దనున్న పురావస్తువులను నమోదు చేయించు విధానము నేర్పఱచెను. ఒక దేశపు శాసనము సరిహద్దుకడ నాగిపోవును గనుక 1970లో యునెస్కో నడుమనుండి దేశముల కొడంబడిక కుదిర్చెను. భారతదేశము 1977లో నందుఁ జేరెను. డెన్మార్కున భూమిలో దొరకిన ప్రాచీనవస్తువు రాజ్యమునకుఁ జెందవలెనను నియమము మధ్యయుగమునుండి వచ్చుచున్నది; తెచ్చి యిచ్చినవానికిఁ బారితోషిక మిత్తురు. దొరకించుకొన్నవానిని దొంగను జేయక కావలివానిని జేయుట యందలి నేర్పు.

దైవభయమునకు జపాను నిదర్శనము. అచ్చట 1897లోఁ బ్రాచీనదేవాలయరక్షణశాసనము ‘కొకుహో’ అనఁగా జాతీయనిధి యను వర్గమును గల్పించెను. 1929లో దానిని విస్తరించిరి. 1949 జనవరి 26వ తేదిని హోర్యూజీ యను ప్రాచీనబౌద్ధాలయమున నిప్పంటుకొని, ప్రసిద్ధమైన కుడ్యచిత్రములు మాఁడిపోయెను. చిత్రకారులు వానికిఁ బ్రతులు తీయుచుండిన కాలముననే యీ విపత్తు సంభవించెను. మఱుసటియేఁడే, 1950లో, సాంస్కృతికసంపదలకుఁ గ్రొత్తశాసనము చేసి, మొట్టమొదటిసారిగా శిల్పగానాది విద్యలనుగూడ నందుఁ జేర్చిరి. 1954లో దానిని సవరించి యట్టి విద్యలు గలవారిని గుర్తింప నారంభించిరి. ఏఁటేఁట నొక్కొక్కరికి 20 లక్షల యెన్నులు శిష్యశిక్షణార్థ మిత్తురు. ఇచట గమనింపఁదగినది ధనము గాదు. అది యెందుల కీయఁబడుచున్నదో యది. సత్కారముగా నీయరు, నేర్పుటకై యిత్తురు. కొరియాయును 1962లో నిట్టి శాసనమే చేసెను. యునెస్కో 2003 నాఁటి యమూర్తవారసత్వపు టొడంబడికయందు భారతదేశము 2005లోఁ జేరెను.

రాజభయము తక్కినవానికంటెఁ గఠినము. స్వీడను రాజు 1666లోనే ప్రాచీనశిలలను దిబ్బలను నెవరును జెఱపరాదని యాజ్ఞ చేసెను; యూరోపునందలి రక్షణశాసనములలో నది మిక్కిలి ప్రాచీనము. కాని రాజ్యమే లోకహితార్థము భూమిని గోరునపుడు కావలివాఁ డెవఁడు? పోలవరము ముంపుగ్రామములలో నొకటియైన వేలేరుపాడు మండలపు రుద్రమకోటయందు బృహచ్ఛిలాసమాధులు త్రవ్వకములలో బయల్పడినవి. నీరు చేరకమునుపు త్రవ్వి వస్తువులను దీయుట యొప్పుకొనఁదగిన కార్యమే. అయినను అది మునుగుచున్న యింటినుండి సామాను తీయుటవంటిది, ఇల్లు మిగులదు. ఆ గ్రామములనుండి వేఱుచోట్లకుఁ బోవలసిన కోయల కొలుపులు, వారి వేల్పుల తావులు ఏ మ్యూజియమునఁ బట్టును? జలాశయము వలదనుట యీ వ్యాసమునకు విషయము గాదు. ఏది పోవుచున్నదో ముందుగా లెక్కించి, ఇచ్చినవారి సమక్షమున వ్రాసికొనుట మాత్రము ఇల్లడ పుచ్చుకొన్నవాని కనీసధర్మము.

ఇచట మఱియొక యాక్షేపము గలదు. కోయల పాట కోయలది. దానిని జాతీయసంపద యనుట పరులసొమ్మును దనదనుట గాదా? నిధిదృష్టితోఁ జూచినచో నీ యాక్షేపము నిజమే. నిధి దొరకించుకొన్నవానికిఁ జెందును. నిక్షేపదృష్టితోఁ జూచినచో నాక్షేపమునకుఁ దావు లేదు. నిక్షేపమునం దుంచినవాని స్వామిత్వ మెన్నఁడును దొలఁగదు. భద్రాద్రి నగలు దేవునివి, జానంపేట బండలు పేరెఱుఁగని పూర్వులవి, పడిగెపాట కోయలది. జాతి వీనికి స్వామి గాదు, కావలిది. జాతీయ మనుమాట కిచటఁ గాపాడవలసిన బాధ్యత యంద ఱిదియు ననియే యర్థము.

ఉపసంహారము

దీనినిబట్టి జాతీయసంపదకు లక్షణ మిట్లు చెప్పవచ్చును. ఏది నష్టమైనచో మఱియొకదానిచే భర్తీ కాదో, దేని యర్థము దాని తావుతోడను, దాని నెఱిఁగిన జనులతోడను ముడివడి యుండునో, దేనిని బూర్వులు పరులకొఱకు మనయొద్ద నుంచిరో, అది జాతీయసంపద. వెల, వయస్సు, ప్రకటనము అను మూఁడును దానిని గుర్తించుటకు సాధనములే. వస్తువును, స్థలమును, ఎఱిఁగినవానిని మూఁటిని గూడ రక్షించినఁగాని రక్షణము పూర్ణము గాదు. జాతులు మొదట వస్తువును, పిదప స్థలమును, కడపట మనుష్యుని రక్షింప నేర్చినవి. కాని నష్టమగుటలో వరుస వేఱు: మనుష్యుఁడే అన్నిటికంటె ముందు పోవును.

పాఠశాలాపండితులు చేయఁదగిన దిందుఁ గొంత గలదు. పొలము దున్నుచుండఁగా బయటఁబడిన బిందెను గాని బొమ్మను గాని దాఁపక తహసీలుదారునకుఁ దెలుపవలెనని బాలురకు బోధింపవచ్చును. రాకాసిగుడి బండను గదలించుట యొక గ్రంథమునుండి పత్రమును జింపుటతో సమానమని చెప్పవచ్చును. ఊరిలోఁ బాడువాఁడున్నచో, ఆతని యనుమతితో నాతని పేరు, గట్టు, ఊరు, తేది పేర్కొని పాటను వ్రాయించవచ్చును; అంతకంటె మేలైన కార్యము, ఆతని యొద్ద నొక్క బాలునైన శిష్యునిగాఁ గూర్చుండఁబెట్టుట. వ్రాసికొన్నది నిక్షేపమగును; నేర్చికొన్నది మాత్రమే యన్వాహితమై ముందునకు సాగును.

రామదాసు నగలకుఁ గావలి కలదు. జానంపేట బండలకు శాసనము కలదు. పడిగె విప్పి పాడువానికి శిష్యుఁడు కావలెను.